టవర్ ముందున్న ప్లాజా రోజంతా ఖాళీ: ఫౌంటెన్ పెడితే జనం కూర్చుంటారా?

ఖాళీజాగా (ప్రశ్న)

24 అంతస్తుల ఆఫీసు టవర్, ఎత్తు 96 మీటర్లు. దాని పడమటి వైపు 54 × 40 మీటర్ల ప్లాజా ఉంది, అంటే 2,160 చదరపు మీటర్లు. 54 మీటర్ల పొడవున ఒక పక్క టవర్, ఎదుటి పక్క రోడ్డు. ఉత్తరం వైపు పక్క స్థలం ప్రహరీ గోడ, దక్షిణాన పార్కింగ్‌లోకి దిగే ర్యాంప్. రోడ్డు మీదే బస్‌స్టాప్ ఉంది. పొద్దున్నా సాయంత్రం వేలమంది ఈ ప్లాజా దాటుతారు కానీ ఆగేవాళ్లు లేరు. బస్సు కోసం ఎదురుచూసేవాళ్లు కూడా ప్లాజాలోకి రాకుండా ఫుట్‌పాత్ మీదే నిలబడతారు.

ఇప్పుడున్న ఏర్పాటు ఇది. ప్లాజా రోడ్డుకన్నా 90 సెంటీమీటర్లు ఎత్తు, ఆరు మెట్లు. నేలంతా పాలిష్ గ్రానైట్. 1.8 మీటర్ల రాతి బెంచీలు ఎనిమిది, ఒక్కోదానికి మధ్యలో ఇనుప అడ్డం. 1.2 × 1.2 మీటర్ల తొట్లలో పదహారు చెట్లు ఉన్నాయి, నాలుగేళ్లయినా మనిషి ఎత్తు దాటలేదు. టవర్ ముఖం కింది నుంచి పై దాకా నీలిరంగు రిఫ్లెక్టివ్ గ్లాసు. ఆ వైపు ఉన్న తలుపు ఒక్కటే, లాబీది. ప్లాజా కింద మొత్తం మూడంతస్తుల సెల్లార్ పార్కింగ్.

యాజమాన్యం ముందున్న ప్రతిపాదన: మధ్యలో ఫౌంటెన్, ఒక పెద్ద లోహ శిల్పం, రాత్రికి రంగుల లైట్లు. ఈ డబ్బుతో నిజంగా జనం కూర్చునే చోటు తయారవుతుందా? కాకపోతే ముందు ఏది సరిచేయాలి, ఏ కొలతలతో?

వీధిఅంచు

ఫౌంటెన్ ఆపించండి. మధ్యలో ఏం పెట్టినా జనం అంచుల నుంచే వస్తారు, అంచుల దగ్గరే ఆగుతారు. వీపు వెనక ఏదో ఆసరా, ఎదురుగా చూడడానికి నలుగురు మనుషులు ఉన్నచోటే మనిషి కుదురుగా కూర్చుంటాడు. మీ ప్లాజాకు నాలుగు అంచులున్నాయి. అద్దం, ప్రహరీ, ర్యాంప్, మెట్లు. నాలుగూ మనిషిని తోసేసేవే. అందుకే మధ్యలో ఉన్న రెండువేల చదరపు మీటర్లు దండగ అవుతోంది.

డబ్బు ఖర్చుపెట్టే ముందు లెక్క తీయండి. ఒక పనిరోజు, ఒక సెలవురోజు, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. ప్రతి గంటలో 10 నిమిషాలు దాటిపోయేవాళ్లను లెక్కపెట్టి 6తో గుణించండి. ఆ వెంటనే ప్లాజా ప్లాను మీద ఆ క్షణాన ఆగి ఉన్న ప్రతి మనిషికీ ఒక చుక్క పెట్టండి. నిలబడినవాళ్లకు ఒక రంగు, కూర్చున్నవాళ్లకు ఇంకో రంగు. పన్నెండు ప్లాన్లు ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే చుక్కలు ఎక్కడ ముసిరాయో తెలుస్తుంది. ఖాళీ ప్లాజాల్లో అవి సాధారణంగా స్తంభాల పక్కన, గోడ మూలల్లో, మెట్ల చివర్లలో పడతాయి. ముందు బాగుచేయాల్సింది ఆ చోట్లే.

ఇక టవర్ అంచు. డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యాన్ గెల్ బృందం వీధి ముఖాలను కొలిచే పద్ధతిలో 100 మీటర్లకు 15 నుంచి 20 తలుపులు, షాపులు ఉంటే చురుకైన ముఖం అంటారు. రెండుకు మించకపోతే అది చచ్చిన ముఖం. మీ 54 మీటర్లకు ఎనిమిది పది తలుపులు ఉండాల్సింది, ఒక్కటే ఉంది. దీని వెనకున్నది మనిషి నడక లెక్క. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచే మనిషి 5 సెకన్లలో 7 మీటర్లు పోతాడు. ఆ 7 మీటర్లలోపు కళ్లకు కొత్తదేదీ తగలకపోతే అడుగులు వడిగా పడతాయి. 54 మీటర్ల ఒకే అద్దం అంటే దాదాపు 40 సెకన్లు చూడడానికి ఏమీ లేదన్నమాట.

"అద్దమే కదా, లోపల కనిపిస్తుంది" అని డిజైనర్లు చెబుతారు. ఎండలో బయట వెలుతురు 50 వేల నుంచి లక్ష లక్స్ (వెలుతురు కొలత) ఉంటుంది, లాబీలో మహా అయితే 500. రిఫ్లెక్టివ్ గ్లాసు వెలుతురులో నాలుగో వంతునే లోపలికి వదిలి, మరో నాలుగో వంతునో మూడో వంతునో వెనక్కి కొడుతుంది. అంత తేడా ఉన్నప్పుడు పగలు అది ఆరపార కనిపించే గాజు కాదు, మొహం చూసుకునే దర్పణం. లోపల మనుషులున్నా బయటివాడికి కనిపించేది తన మొహమే. కింది అంతస్తులో మనుషులు తిరిగేచోట మాత్రం వెలుతురును కనీసం 65% వదిలే, 15% లోపే తిప్పికొట్టే గ్లాసు ఉండాలి. పైనున్న 23 అంతస్తుల జోలికి పోనక్కర్లేదు.

లాబీ లోతు ఎంతో మీరు చెప్పలేదు. 10 మీటర్లు దాటితే అందులో ముందుభాగం 6 మీటర్లు తీసుకుని 4.5 నుంచి 6 మీటర్ల వెడల్పు చిన్న షాపులుగా విడగొట్టవచ్చు. తలుపు నేరుగా ప్లాజాలోకే తెరుచుకోవాలి, గడప ఉండకూడదు. ఇక్కడ తప్పు జరిగేది పైపుల దగ్గర. తినుబండారాల షాపుకు 110 మిల్లీమీటర్ల డ్రైన్ పైపు 60కి 1 వాలుతో కావాలి. 8 మీటర్ల దూరానికి 13 సెంటీమీటర్లు దిగుతుంది. కింద పార్కింగ్ ఉంది కాబట్టి పైపు సెల్లార్ సీలింగ్ కింద వేలాడుతుంది, కార్లు నడిచే దారి మీద ఎత్తు తగ్గిపోతుంది. డక్టులు, స్ప్రింక్లర్ లైన్లు పోగా ఎంత మిగులుతుందో ముందే టేపు పెట్టి చూడండి. వంట పొగకు విడిగా డక్టు లేకపోతే వంట వద్దు, చల్లని పదార్థాల వరకే ఉంచండి. లేకపోతే వాసన లాబీలోకి, లిఫ్ట్ షాఫ్టుల వెంట పైకి పాకుతుంది. ఆరునెలల్లో షాపు మూయిస్తారు.

గాలిలెక్క

వీధిఅంచు గారు చెప్పింది నిజమే కానీ వరస తిరగబడింది. ముందు గాలి, ఎండ. అవి కుదరకపోతే పది తలుపులు పెట్టినా జనం షాపులోకి పోయి కావాల్సింది కొనుక్కుని లాబీలోనే కూర్చుంటారు.

96 మీటర్ల చదునైన ముఖం, కింద పోడియం, అంటే టవర్‌కన్నా వెడల్పుగా ముందుకొచ్చే పొట్టి కట్టడం, లేదు. పడమటి గాలి ఆ ముఖానికి కొట్టుకున్నప్పుడు ఎత్తులో సుమారు మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల దగ్గర, అంటే 64 నుంచి 72 మీటర్ల మధ్య, రెండుగా చీలుతుంది. ఆ పైది మీదుగా పోతుంది. కిందిది ముఖం వెంట జారి నేలకు దిగి, రెండు మూలల చుట్టూ తిరిగి పోతుంది. నగరంలో 70 మీటర్ల ఎత్తున వీచే గాలి నేల దగ్గరి గాలికన్నా రెండు రెట్ల పైన వేగంగా ఉంటుంది. టవర్ ఆ వేగాన్ని కిందికి మోసుకొచ్చి మనుషుల మీద వేస్తుంది. వేగం రెండింతలైతే ఒంటి మీద తోపు నాలుగింతలు. ఇది చిన్న విషయం కాదు. ఇంగ్లండులోని లీడ్స్‌లో బ్రిడ్జ్‌వాటర్ ప్లేస్ టవర్ పక్కన 2011లో ఇలాంటి గాలికే లారీ ఒరిగి, నడిచిపోతున్న మనిషి చనిపోయాడు. తర్వాత రోడ్డుకు అడ్డంగా పైన పెద్ద పెద్ద రెక్కలు కట్టాల్సివచ్చింది.

ఇంజనీర్లు వాడే లాసన్ కొలమానంలో కూర్చునే చోట గాలి సెకనుకు 4 మీటర్లు, నిలబడే చోట 6, తీరిగ్గా నడిచే చోట 8. ఈ హద్దును దాటే గంటలు 5% మించకూడదు. చేతిలో పట్టుకునే ఎనిమోమీటరుతో (గాలి వేగం కొలిచే పరికరం) నేలకు 1.5 మీటర్ల ఎత్తున, ప్లాజాలో తొమ్మిది చోట్ల, ఒక్కోచోట 10 నిమిషాల సగటు తీయండి. దానితోపాటు అదే సమయానికి దగ్గరి వాతావరణ కేంద్రం రీడింగు రాసుకోండి. అది లేకపోతే "ఆ రోజు గాలి లేదు" అన్న ఒక్క మాటతో మీ కొలతలన్నీ కొట్టేస్తారు. టవర్ రెండు మూలల దగ్గర అంకెలు ఎక్కువ వస్తాయి, అక్కడ ఎప్పటికీ సీట్లు వేయొద్దు.

మందు రెండు రకాలు. ఒకటి, టవర్ ముఖానికి 5, 6 మీటర్ల ఎత్తున గట్టి కనోపీ (ముందుకు పొడుచుకొచ్చే చూరు), కనీసం 3 మీటర్లు ముందుకు. జారే గాలిని అది మనుషుల తలమీద పడకుండా అడ్డుకుని బయటికి తోస్తుంది. కొత్త టవర్లకు టొరంటో మార్గదర్శకాలు పోడియం మీద టవర్‌ను కనీసం 3 మీటర్లు వెనక్కి జరపమనేది కూడా కొంతవరకు ఇందుకే. కనోపీ చిల్లుల జాలీ అయితే ఈ పనికి రాదు. రెండోది, కూర్చునే చోట పడమటి వైపు 2 మీటర్ల తెరలు. ఇక్కడ మాత్రం చిల్లులుండాలి, 40 నుంచి 50% ఖాళీ. గట్టి గోడ కడితే గాలి దాని మీదుగా దూకి వెనకాలే సుడి తిరుగుతుంది. దుమ్ము, కాగితాలు అక్కడే గిరగిరా తిరుగుతాయి. చిల్లుల తెర గాలిని నెమ్మది చేసి వదులుతుంది. ఎత్తుకు ఐదారు రెట్ల దూరం దాకా, అంటే పది పన్నెండు మీటర్లు, కూర్చునేవాళ్లకు ఆసరా.

ఇప్పుడు ఎండ. పొద్దుటి పూట టవర్ నీడే ప్లాజాను కాపాడుతుంది. మధ్యాహ్నం తిరిగాక ఎండ పడమటి నుంచి ఏటవాలుగా వస్తుంది, నీలిగ్లాసు మీద పడింది మళ్లీ ప్లాజా మీదికే తిరిగి వస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. మీ ముఖం చదును కాబట్టి కనీసం ఎండను ఒకచోటికి పోగుచేయదు. లండన్‌లోని 20 ఫెన్‌చర్చ్ స్ట్రీట్ టవర్ ముఖం లోపలికి వంపు తిరిగి ఉంది. 2013లో ఆ వంపు ఎండను పోగుచేసి ఎదుటి వీధిలో ఆపిన కారు భాగాలను కరిగించింది. మరుసటి ఏడు ముఖం మీద నీడ రెక్కలు బిగించారు. వంపు లేకపోయినా మీ దగ్గర ఎదుటి ఎండ, తిరిగొచ్చిన ఎండ రెండూ కలిసి పడుతున్నాయి. కింద మెరిసే గ్రానైట్ మూడోది.

కనోపీ నీడ ఇస్తుందని లెక్కవేసుకోవద్దు. 5 మీటర్ల ఎత్తున ఉన్న కనోపీ అంచు నీడ, సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు 8.7 మీటర్లు తూర్పుకు పడుతుంది. కనోపీ ముందుకు వచ్చింది 3 మీటర్లే. అంటే నీడ మొత్తం లాబీ లోపల పడుతుంది, కనోపీ కింద కూర్చున్న మనిషి పూర్తి ఎండలో ఉంటాడు. పడమటి ఎండకు నిలువుగా నిలబడే అడ్డం కావాలి. 8 మీటర్ల చెట్టు అదే వేళకు దాదాపు 14 మీటర్ల నీడ వేస్తుంది. చెట్టు సీటుకు పడమర ఉండాలి, సీటు పక్కన కాదు. ప్లాన్ల మీద చెట్లను అందంగా రెండు వరసల్లో వేసేవాళ్లు ఈ ఒక్క సంగతి మరిచిపోతారు.

గ్లాసు మీద ఫిల్మ్ వేసి ప్రతిబింబం తగ్గిద్దామని ఎవరైనా అంటే జాగ్రత్త. వేడిని పీల్చే ఫిల్మ్‌ను మామూలు ఎనీల్డ్ (వేడితో గట్టిపరచని) గ్లాసుకు అంటిస్తే, ఫ్రేము లోపలున్న అంచు చల్లగా, మధ్యభాగం వేడిగా ఉండి అంచు నుంచి పగులు పుడుతుంది. గ్లాసు రకం, థర్మల్ స్ట్రెస్ (వేడి తేడా వల్ల పుట్టే ఒత్తిడి) లెక్క చూడకుండా ఒక్క పలక కూడా ముట్టుకోవద్దు.

మట్టిబరువు

చెట్లు పెరగకపోవడానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది. 1.2 × 1.2 మీటర్ల తొట్టి, లోతు 60 సెంటీమీటర్లు అనుకున్నా మట్టి 0.86 ఘనపు మీటరు. పెద్ద నీడ ఇచ్చే చెట్టుకు కావాల్సింది 30 ఘనపు మీటర్లు. ఒకే పొడవాటి మడిలో మట్టిని పంచుకుంటే ఒక్కోదానికి 20తో సరిపెట్టవచ్చు. కుండీలో పెంచుతున్నదాన్ని చెట్టు అని పిలిస్తే చెట్టు కాదు. గాలిలెక్క గారు అడిగిన 8 మీటర్ల ఎత్తు ఆ తొట్లలో ఎన్నేళ్లకీ రాదు.

ఇది ఇప్పటి నగరాలన్నిటికీ పట్టిన రోగం. కార్ల కోసం సెల్లార్‌ను హద్దు నుంచి హద్దు దాకా తవ్వేస్తారు. పైన "పచ్చదనం" అని ప్లానులో ఆకుపచ్చ రంగు వేస్తారు. దాని కింద మట్టి లేదు, స్లాబు ఉంది. వాన నీరు ఇంకే దారీ లేదు. హద్దు లోపల 3 మీటర్లు తవ్వకుండా వదిలినా చెట్ల వరసకు అసలు నేల దొరికేది. కట్టాక ఇక స్లాబు మీద బతకాల్సిందే.

స్లాబు మీద ఏం చేయవచ్చో చూద్దాం. ముందు స్ట్రక్చరల్ డ్రాయింగులు తెప్పించండి. చూడాల్సినవి మూడు: స్లాబు పైన ఫిల్లింగ్ (స్లాబుకూ నేల రాయికీ మధ్య నింపినది) మందం ఎంత, లైవ్ లోడ్ (మనుషులు, సామాను లాంటి వచ్చిపోయే బరువు) చదరపు మీటరుకు ఎంత తీసుకున్నారు, ఫైరింజన్ దారి ఎక్కడ. ఫిల్లింగ్ 45 సెంటీమీటర్ల కాంక్రీటు, కంకర అయితే చదరపు మీటరుకు సుమారు 900 కిలోలు ఇప్పటికే అక్కడ కూర్చుని ఉంది. దాన్ని తీసేసి తేలికపాటి మట్టి మిశ్రమం వేస్తే, నీళ్లు పూర్తిగా పీల్చుకున్నాక కూడా ఘనపు మీటరుకు 1,200 నుంచి 1,400 కిలోలు. 90 సెంటీమీటర్ల లోతుకు 1,080 నుంచి 1,260 కిలోలు. అంటే అదనంగా పడేది 180 నుంచి 360 కిలోలే. మడి ఉన్నచోట జనం గుంపుగా నిలబడరు కాబట్టి అక్కడి 500 కిలోల లైవ్ లోడ్‌లో ఇది సర్దుకునే అవకాశం ఉంది. అవకాశం అంటున్నాను, సంతకం పెట్టాల్సింది స్ట్రక్చరల్ ఇంజనీరు. మామూలు తోట మట్టి తడిస్తే 1,800 నుంచి 2,000 కిలోలు, దానితో ఈ లెక్క కుదరదు. బస్తాల్లో వచ్చే మట్టిని చూసి ఎవరూ తేడా పట్టలేరు, అందుకే సైటుకు వచ్చిన ప్రతి లోడు నుంచి నమూనా తీసి తడి బరువు తూయండి.

మడి కొలత 4 × 25 మీటర్లు, లోతు 90 సెంటీమీటర్లు అయితే 90 ఘనపు మీటర్లు. నాలుగు చెట్లు, కష్టపడితే ఐదు. పదహారు కాదు. నాలుగు నిజమైన చెట్లు పదహారు కుండీలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ నీడ ఇస్తాయి. కాండాలు వీలైనంతవరకు స్తంభాల నెత్తిన పడేలా పెట్టండి.

లీకేజీ మాట. ఫిల్లింగ్ తీశాక పాత వాటర్‌ఫ్రూఫింగ్‌ను నమ్మొద్దు. మడి వరకు కొత్త పొర వేయండి, వేర్లు చొరబడని రకం, మట్టి మట్టానికి పైన 15 సెంటీమీటర్లు గోడ ఎక్కాలి. మట్టి వేసేముందు 5 సెంటీమీటర్ల నీరు నింపి 48 గంటలు ఉంచి కింద పార్కింగ్ సీలింగ్ చూడండి. దాని పైన డ్రైనేజీ పొర, ఆపైన జియోటెక్స్‌టైల్ (నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ), ఆపైన మట్టి. నీరు పోయే ప్రతి రంధ్రం మీద మూత తీసి చూడగలిగే గొట్టం నిలపండి. అది లేకపోతే రెండో ఏడాదికి రంధ్రం మట్టితో పూడుకుపోతుంది, చెట్టు నీటిలో మురిగి చస్తుంది, అందరూ "ఈ నేలకు ఈ చెట్టు పడదు" అంటారు. పెద్ద గాలికి ఒరగకుండా వేరుముద్దను మట్టి అడుగున పరిచిన ఇనుప వలకు పట్టీలతో కట్టాలి. స్లాబులో బోల్టు దించితే మీ కొత్త పొరకు మీరే చిల్లు పెట్టినట్టు.

మడి గట్టు ఎత్తు 45 సెంటీమీటర్లు, వెడల్పు 45 నుంచి 50 పెట్టండి. అదే బెంచీ అవుతుంది.

కుర్చీపక్షం

న్యూయార్క్ ఈ ప్రయోగం పెద్దఎత్తున చేసి చూసింది. 1958లో సీగ్రామ్ బిల్డింగ్ ముందు వదిలిన ఖాళీ స్థలం మెచ్చుకోళ్లు తెచ్చుకుంది. 1961 జోనింగ్ చట్టంలో (ఏ చోట ఎంత కట్టవచ్చో చెప్పే చట్టం) ప్లాజా వదిలినవాళ్లకు అదనపు అంతస్తుల బోనస్ ఇచ్చారు. రద్దీ ఎక్కువ ఉన్న జిల్లాల్లో ఒక చదరపు అడుగు ప్లాజాకు పది చదరపు అడుగుల బోనస్. చట్టం అడిగింది ఖాళీ, బిల్డర్లు ఖాళీయే ఇచ్చారు. పట్టణ ప్రణాళిక ప్రొఫెసర్ జెరాల్డ్ కేడెన్ 2000లో లెక్కతీస్తే 320 భవనాల దగ్గరున్న 503 చోట్లలో 41% నామమాత్రపు ఉపయోగానివే. జనానికి రావాల్సింది రాలేదు, అంతస్తులు మాత్రం లేచాయి.

అక్కడ ఏది పనిచేస్తుందో కనిపెట్టింది నగరాల్లో జనం నడవడికను పరిశీలించిన రచయిత విలియం హెచ్. వైట్. ప్లాజాల మీద కెమెరాలు పెట్టించి చూశాడు. ఆయన పని ఆధారంగా 1975లో నిబంధన మారింది: ప్రతి 30 చదరపు అడుగుల ప్లాజాకు ఒక అడుగు పొడవు సీటు. మీ 2,160 చదరపు మీటర్లకు అది 236 మీటర్లు. మీకున్నవి ఎనిమిది బెంచీలు, 14.4 మీటర్లు. అందులోనూ మధ్యలో ఇనుప అడ్డం, అంటే ఎవరూ పడుకోకుండా చూడడానికి అందరినీ ఇబ్బందిపెట్టడం. ముందు ఆ అడ్డాలు కోయించండి. ఒక్కరోజు పని.

సీటు ఎత్తు 40 నుంచి 50 సెంటీమీటర్లు. రెండు వైపులా కూర్చోవాలంటే వెడల్పు 75 నుంచి 90. అన్నిటికన్నా ముఖ్యం కదిలే కుర్చీలు. న్యూయార్క్‌లో 1967లో తెరిచిన పేలీ పార్కు 390 చదరపు మీటర్లే, అందులో విడి కుర్చీలున్నాయి. మనిషి కుర్చీని అరడుగు పక్కకు జరుపుకుని కూర్చుంటాడు, నీడ జరిగితే తనూ జరుగుతాడు. రాతి బెంచీకి ఆ భాగ్యం లేదు. 2009లో టైమ్స్ స్క్వేర్‌లో బ్రాడ్‌వేను కార్లకు మూసినప్పుడు మొదట పరిచినవి చవకరకం మడత కుర్చీలే. జనం వెంటనే కూర్చున్నారు, రాతి పని తర్వాత వచ్చింది.

మీరు కూడా 60 కుర్చీలతో మొదలుపెట్టండి. ఒక్కోటి 4, 5 కిలోల లోహపు మడత కుర్చీ. ప్లాస్టిక్‌వి గాలికి దొర్లుతాయి. గొలుసులతో కట్టొద్దు. కొన్ని పోతాయి, అది నిర్వహణ ఖర్చు. ఒక మనిషి ఉద్యోగంగా పొద్దున పరిచి, రాత్రి మడిచి, మధ్యలో చెత్త ఎత్తాలి. ఆ మనిషికి జీతం కేటాయించకుండా కుర్చీలు కొంటే నెలలో పాడైపోతాయి. సెక్యూరిటీకి రాతపూర్వకంగా చెప్పండి: కూర్చున్నవాళ్లను "ఎవరి కోసం?" అని అడగకూడదు. ఈ ఒక్క ప్రశ్న ఎన్నో ప్లాజాలను ఖాళీ చేసింది.

ఆరు మెట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. రోడ్డు నుంచి చూసేవాడికి 90 సెంటీమీటర్ల పైన ఏముందో కనిపించదు, చక్రాల కుర్చీ ఎక్కదు. న్యూయార్క్‌లోని బ్రయంట్ పార్కు కూడా వీధికన్నా ఎత్తులో, పొదల చాటున ఉండేది. పొదలు తీసి, దారులు పెంచి 1992లో తిరిగి తెరిచాకే మనుషులు నిండారు. మీకు 12కి 1 వాలుతో ర్యాంప్ 10.8 మీటర్లు కావాలి. 5.4 మీటర్లకో ముక్క, మధ్యలో 1.5 మీటర్ల చదును. మొత్తం 12.3 మీటర్లు, 54 మీటర్ల ముఖంలో హాయిగా పడుతుంది.

ఖాళీజాగా

అందరికీ కృతజ్ఞతలు. డ్రాయింగులు చూశాం. లాబీ లోతు 12 మీటర్లు. అయితే టవర్ ముఖం వెంట 6 మీటర్ల వెడల్పున ఫైరింజన్ దారి ఉంది, అక్కడి స్లాబు ఆ బరువుకు కట్టారు. మిగతా ప్లాజా లైవ్ లోడ్ 500 కిలోలు, ఫిల్లింగ్ 45 సెంటీమీటర్లే. లాబీలో షాపులకు అద్దెదారులు ఈ ఏడాది ఒప్పుకోరు. డబ్బు ఒక దశకే ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

వీధిఅంచు

ఫైరింజన్ దారి ఉందంటే నా మొదటి సలహా మార్చుకోవాలి. ఆ 6 మీటర్లలో ఒక్క కుర్చీ కూడా వద్దు, మడతవైనా సరే. కనోపీ కూడా అగ్నిమాపక శాఖ ఎత్తు ఖరారు చేసేదాకా ఆపండి. ఇంజను కింద నుంచి పోవాలి, నిచ్చెన పైకి లేవాలి. మధ్యలో 6 మీటర్ల నిషిద్ధ పట్టీ ఉన్నప్పుడు టవర్ వైపు షాపులు పెట్టినా బయట బల్లలు పడవు.

అంచు అంటే భవనం అంచే కానక్కర్లేదు. మీకు బస్‌స్టాప్ రోడ్డు వైపు ఉంది, జనం ఇప్పటికే అక్కడ నిలబడుతున్నారు. ఈ దశ మొత్తం రోడ్డు అంచున 12 మీటర్ల లోతు పట్టీ మీద పెట్టండి. మెట్లలో మధ్య 10 మీటర్లు దారిగా ఉంచి, ఒక పక్క ర్యాంప్, ఇంకో పక్క ప్రతి మూడు మెట్లనూ కలిపి 45 సెంటీమీటర్ల ఎత్తు, 80 వెడల్పు కూర్చునే మెట్లుగా మార్చండి. బస్సు కనిపిస్తుంటుంది కాబట్టి అవే ముందు నిండుతాయి. కుర్చీపక్షం గారి కుర్చీలు ఆ వెనక.

మెట్ల పైన రెండు కియోస్కులు (చిన్న అమ్మకపు గదులు), ఒక్కోటి 3 × 2.5 మీటర్లు, రోడ్డుకూ ప్లాజాకూ రెండు వైపులా కిటికీ తెరుచుకునేవి. స్టీలు చట్రంతో సామాను సహా 2 టన్నులు దాటకుండా చూడండి, చదరపు మీటరుకు 270 కిలోలు. కాళ్ల కింద 30 × 30 ప్లేట్లు, నేలలో బోల్టు వద్దు. పడగొట్టే గాలికి అడుగున బరువు ఎంత ఉంచాలో ఇంజనీరును అడగండి, ఆ బరువును కూడా 2 టన్నుల్లోనే లెక్కవేయండి. నీళ్లు, మురుగు పాత తొట్ల డ్రైన్ లైన్‌కు కలుస్తాయేమో ముందు చూసుకోండి, కలవకపోతే వంటలేని అమ్మకాలే.

మట్టిబరువు

చెట్ల మడిని ఈ పట్టీలోనే, కుర్చీలకు పడమర, మెట్ల నెత్తిన వేయండి. ర్యాంప్, దారి, కియోస్కులు పోగా 4 × 20 మీటర్లు దొరికితే 72 ఘనపు మీటర్లు, మూడు చెట్లు. మడి అడ్డంగా పడినా కాండాల మధ్య నుంచి రోడ్డు కనిపించాలి, కొమ్మలు 2.5 మీటర్ల పైన మొదలయ్యే మొక్కలే తీసుకోండి. గుబురు పొదలు వద్దు. చెట్లు నీడకు వచ్చేదాకా నాలుగైదేళ్లు పడుతుంది. ఆలోగా అదే గట్టు మీద గాలిలెక్క గారు చెప్పిన చిల్లుల తెరలు నిలిపితే గాలి కొంత, ఏటవాలు ఎండ కొంత ఆగుతుంది. తెర కింది అంచు నేలకు 1.1 మీటర్ల పైన ఉంటే కూర్చున్నవాళ్ల చూపుకు చాలావరకు అడ్డం రాదు. అప్పుడు అడుగు నుంచి వచ్చే గాలి ఎంతో ఆ ఎనిమోమీటరుతోనే చూడండి. ఎక్కువైతే కింద మాత్రం పొట్టి మొక్కలు.

గాలిలెక్క

తెరల్ని శాశ్వతంగా బిగించే ముందు ఇసుక బస్తాలతో నిలబెట్టిన చట్రాలకు జాలీ కట్టి మూడు వారాలు నడపండి. మొదట చేసిన చుక్కల లెక్క మళ్లీ వారంలో అవే రోజుల్లో, అవే గంటల్లో చేయండి. మధ్యాహ్నం 3 నుంచి 5 మధ్య ప్లాన్లు విడిగా పెట్టుకోండి, ఎండ తిప్పికొట్టేది అప్పుడే. ఆ రెండు గంటల్లో కుర్చీలు ఎటు జరిగాయో కూడా గుర్తించండి. కుర్చీలన్నీ ఒక తెర వెనకే పోగైతే రెండో తెర తప్పు చోట ఉంది, దాన్ని జరపండి.